ఫైలు వెంట రావలసిన వివరం



ఒక వరుస చదువుతాను, వినండి. 17, కామా, 532001, కామా, 03042024, కామా, 1250. అంతే. తరువాతి వరుస కూడా ఇలాగే ఉంటుంది, ఆ తరువాతిదీ ఇలాగే. ఇటువంటి లక్ష వరుసలతో ఒక ఫైలు నెలనెలా ఒక ఆఫీసు నుంచి మరో ఆఫీసుకు వస్తోందనుకోండి. రెండోది పిన్‌కోడ్ అని శ్రీకాకుళం వాళ్ళు వెంటనే పట్టేస్తారు. మరి 17 ఏమిటి? జిల్లా నంబరా, వయసా, బ్రాంచి నంబరా? 03042024 అంటే ఏప్రిల్ 3వ తేదీయా, మార్చి 4వ తేదీయా? 1250 అనేది రూపాయలా, కిలోలా, కాలిన కరెంటు యూనిట్లా? ఫైలు చెప్పదు. దాన్ని తయారుచేసిన మనిషికి తెలుసు. ఆ మనిషి బదిలీ మీద వెళ్ళిపోయాడా, ఇక ఎవరికీ తెలియదు.

ఇటువంటి ఫైళ్ళనూ, రకరకాల డేటాబేస్‌లలోని టేబుళ్ళనూ ఒకచోట కూర్చి, శుభ్రం చేసి, లెక్కలకు పనికొచ్చేలా మార్చే సాఫ్ట్‌వేర్‌ను డేటా ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఇన్ఫర్మాటికా, డేటాస్టేజ్ లాంటి పేర్లు అమీర్‌పేట మీదుగా వెళ్ళినవాళ్ళకు కొత్త కాదు. అక్కడి శిక్షణ సంస్థల బోర్డుల మీద ఏళ్ళ తరబడి కనిపించిన పేర్లే అవి. సాస్ కంపెనీ వాళ్ళ డేటా ఇంటిగ్రేషన్ స్టూడియో కూడా ఈ కోవలోదే. మన తెలుగు పిల్లలు ఇక్కడా, అమెరికాలోనూ బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, మందుల కంపెనీల్లో వేలమంది ఈ పని చేస్తున్నారు. ఏం పని చేస్తున్నావని ఇంట్లో అడిగితే ఈటీఎల్ అంటారు. అంటే ఒకచోటి నుంచి డేటా తీయడం, దాన్ని మార్చడం, ఇంకోచోట నింపడం. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఆ మూడింటికీ ముందు జరగవలసిన పని గురించి. ఫైలును, టేబుల్‌ను ముందుగా రిజిస్టర్ చేయడం గురించి.

పొలం రిజిస్టరైనప్పుడు పొలం ఎక్కడికీ కదలదు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు, పట్టాదారు పేరు మాత్రం పుస్తకంలోకి ఎక్కుతాయి. ఆ తరువాత అమ్మినా, కొన్నా, బ్యాంకులో తాకట్టు పెట్టినా అందరూ ఆ పుస్తకాన్నే చూస్తారు. పుస్తకంలో హద్దు తప్పుగా పడితే, నేల మీద గట్టు ఎక్కడున్నా సరే, తగాదా మొదలైనట్టే. ఫైలును రిజిస్టర్ చేయడం కూడా అచ్చంగా ఇదే. డేటా ఉన్నచోటే ఉంటుంది. అది ఎక్కడుంది, అందులో ఎన్ని కాలమ్‌లున్నాయి, ఒక్కొక్కదాని పేరేమిటి, అది అంకెయా, అక్షరమా, ఎంత పొడవు, ఈ వివరాలు మాత్రం మెటాడేటా సర్వర్‌లో, అంటే డేటా గురించిన వివరాలు దాచే చోట, చేరతాయి. వివరం సర్వర్‌లో ఒక్కసారి పడితే, దాన్ని వాడుకునే పనులన్నీ ఆ వివరాన్నే నమ్ముకుని నడుస్తాయి.

సాస్‌లో ఈ పని రెండు దారుల్లో సాగుతుంది. ఒరాకిల్ లాంటి డేటాబేస్‌లో ఉన్న టేబుల్ అయితే సులువు. ముందు లైబ్రరీని రిజిస్టర్ చేయాలి, అంటే ఆ డేటాబేస్ ఎక్కడుంది, దానితో ఎలా మాట్లాడాలి అన్నది చెప్పాలి. తరువాత విజార్డ్, అంటే మెట్టుమెట్టుగా అడిగి పని నడిపే భాగం, తనే వెళ్ళి టేబుళ్ళ జాబితా తెస్తుంది. మనం కావలసినవి ఎంచుకుంటే కాలమ్‌ల పేర్లు, రకాలు, పొడవులు, కీలు, ఇండెక్స్‌లు అన్నీ తీసుకొచ్చి రాసుకుంటుంది. అలా తేగలగడానికి కారణం, టేబుల్‌కు తన వివరం తన దగ్గరే ఉండడం. డేటాబేస్ తన నిఘంటువు తానే మోస్తుంది.

బయటి నుంచి వచ్చే ఫైలుకు ఆ భాగ్యం లేదు. అది ఉత్త అక్షరాల వరుస. అందుకే సాఫ్ట్‌వేర్ మనల్ని అడుగుతుంది. కాలమ్‌ల మధ్య కామా, ట్యాబ్ లాంటి గుర్తేదైనా ఉందా? లేక ఒకటో అక్షరం నుంచి పదో అక్షరం వరకు పేరు, పదకొండు నుంచి పదహారు వరకు పిన్‌కోడ్ అని స్థానాలు కొలిచి పెట్టారా? ఈ రెండూ కాని వింత రూపమైతే చదివే కోడ్ మీరే రాసిస్తారా? ఎన్నో వరుస నుంచి డేటా మొదలవుతుంది? ఇవన్నీ చెప్పాక కాలమ్‌ల వివరం ఇవ్వాలి. చేత్తో ఒక్కొక్కటీ నింపవచ్చు. ఇంతకుముందే రిజిస్టరైన టేబుల్ నుంచి అరువు తెచ్చుకోవచ్చు. పెద్ద బ్యాంకుల పాత మెయిన్‌ఫ్రేమ్ నుంచి వచ్చే ఫైలైతే దాని కోబాల్ నిర్మాణం నుంచే తీసుకోవచ్చు. లేదా, మొదటి కొన్ని వరుసలు చూసి నువ్వే ఊహించు అని సాఫ్ట్‌వేర్‌కే వదిలేయవచ్చు.

చాలామంది ఆ చివరిదే నొక్కుతారు. నా మాటంతా అక్కడే మొదలవుతుంది.

యంత్రం ఊహ ఎలా ఉంటుందో చూడండి. సాస్‌లో సీఎస్‌వీ ఫైళ్ళను, అంటే కామాలతో విడదీసిన ఫైళ్ళను, చదివే ఇంపోర్ట్ ప్రొసీజర్ ఒకటుంది. మనం ఏమీ చెప్పకపోతే మొదటి 20 వరుసలు చూసి కాలమ్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. లక్ష వరుసల ఫైలులో ఇరవై. ఆ ఇరవై వరుసల్లో పేర్లన్నీ రాము, సీత, గిరి లాంటి చిన్నవే పడ్డాయనుకోండి. పొడవు వాటికి సరిపడేంతే కేటాయిస్తుంది. ఇరవై ఒకటో వరుసలో వేంకట సత్యనారాయణమూర్తి వస్తే ఆయన పేరు మధ్యలో తెగిపోతుంది. ఊహించడానికి ఎక్కువ వరుసలు చూడమని మనం చెప్పవచ్చు. కానీ ఎన్ని చూసినా అది ఊహే.

సున్నా సంగతి ఇంకా ముఖ్యం. 03042024ను అంకె అనుకుని చదివితే ముందున్న సున్నా పోతుంది. ఎనిమిది అంకెల తేదీ ఏడంకెలవుతుంది. సున్నాతో మొదలయ్యే బ్యాంకు ఖాతా నంబర్లున్నాయి, ఎస్‌టీడీ కోడ్‌లున్నాయి, ఉద్యోగుల నంబర్లున్నాయి. వాటిని కూడికలకూ తీసివేతలకూ వాడం కదా, అలాంటప్పుడు అంకెలుగా ఎందుకు రాసుకోవాలి? నేను కొత్తవాళ్ళకు చెప్పే సూత్రం ఒకటే: సరాసరి తీస్తే అర్థం వచ్చేది మాత్రమే అంకె. పిన్‌కోడ్‌ల సరాసరికి అర్థం లేదు కాబట్టి అది అక్షరాల కాలమే.

లక్షల కామా మన దేశపు చిక్కు. 1,25,000 అని కామాలతో రాసి, చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టకుండా సీఎస్‌వీలో పంపితే, ఒక కాలమ్ మూడు కాలమ్‌లవుతుంది. దాని తరువాతివన్నీ రెండు స్థానాలు జరిగిపోతాయి. కొటేషన్ గుర్తులున్నా చాలదు. ఇది కామాలున్న అంకె, కామాలు తీసేసి చదువు అని ఆ కాలమ్‌కు చదివే పద్ధతి కూడా చెప్పాలి. సాస్‌లో ఆ పద్ధతిని ఇన్‌ఫార్మాట్ అంటారు. మళ్ళీ అచ్చువేసేటప్పుడు ఎలా చూపాలో చెప్పేది ఫార్మాట్. ఇవి రెండూ వేర్వేరు అన్న సంగతి మనసుకెక్కితే ఈ పనిలో సగం చిక్కులు విడిపోతాయి.

ఇంకో ప్రమాదం ఉంది. వినడానికి చిన్నదే. ఒక వరుసలో చివరి విలువ రాయడం మరిచిపోయారు. అయిదు కాలమ్‌లు ఉండవలసిన చోట నాలుగే ఉన్నాయి. సాస్‌కు మనం వద్దని చెప్పకపోతే, అయిదో విలువ కోసం అది తరువాతి వరుసలోకి వెళ్ళి వెతుక్కుంటుంది. అక్కడ మొదట దొరికినది తెచ్చి ఇక్కడ అతికిస్తుంది. ఆ తరువాతి వరుసలోని మనిషి లెక్కలోంచే మాయమవుతాడు. ఒకరి వివరంలో మరొకరి నంబరు చేరుతుంది. ఇంత జరిగినా పని ఆగదు. కొత్త వరుసలోకి వెళ్ళాను అని లాగ్‌లో ఒక నోట్ రాసి ఊరుకుంటుంది. పొట్టి వరుస వస్తే ఖాళీగా వదిలేయమని రిజిస్టర్ చేసేటప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది.

మన లిపి విషయం తప్పక చెప్పాలి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే చోటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. శ్రీకాకుళం అనే మాటను తీసుకోండి. మన కంటికి నాలుగు అక్షరాలు. యూనికోడ్‌కు శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, క, దీర్ఘం, క, కొమ్ము, ళ, సున్న, మొత్తం పది గుర్తులు. అంటే 30 బైట్లు. ఊరి పేరుకు 20 చాలదా అని ఇంగ్లీషు లెక్కన పొడవు రాస్తే, సాస్ ఆ 20ని బైట్లుగానే లెక్కిస్తుంది. శ్రీకా వరకు వచ్చి, తరువాతి అక్షరం మూడింట రెండు వంతుల దగ్గర విరిగిపోతుంది. తెర మీద పిచ్చిగీత కనబడుతుంది. ప్రభుత్వ జాబితాల్లో తెలుగు పేర్లు తెలుగులోనే ఉండాలని కోరుకునేవాళ్ళలో నేనొకణ్ణి. ఆ కోరిక ఇలాంటి చిన్న గడిలో రాసే పొడవు దగ్గరే నెరవేరాలి, లేకపోతే అక్కడే తెగుతుంది.

ఇంటి నంబర్ల కథ మరీ బాధ కలిగిస్తుంది. హైదరాబాద్‌లో ఇంటి నంబరు 5-9-22 అని ఉంటుంది. ఆ ఫైలును ఎవరో ఒకసారి ఎక్సెల్‌లో తెరిచి, చూసి, మళ్ళీ దాచారు. ఇంటి నంబరు తేదీ అయిపోయింది. ఇది మన ఒక్కరి సమస్య కాదు. జన్యువుల పేర్లలో మార్చ్1, సెప్ట్1 అని ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 1గా మార్చేసేది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధనా పత్రాల్లో దాదాపు అయిదింట ఒకదానిలో ఈ తరహా తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం ఆ పేర్లనే మార్చుకుంది. మార్చ్1 ఇప్పుడు మార్చ్ఎఫ్1, సెప్ట్1 ఇప్పుడు సెప్టిన్1. ఈ కాలమ్ అక్షరాలే, తేదీ కాదు అని చెప్పే వివరం ఫైలు వెంట లేనందువల్ల ఒక శాస్త్రం తన మాటలు మార్చుకోవలసి వచ్చింది.

ఇంతవరకు చెప్పినవన్నీ రూపానికి సంబంధించిన తప్పులు. శ్రద్ధగా చూస్తే దొరుకుతాయి. వీటికంటే లోతైన తప్పు ఇంకొకటుంది. దానికి నాకు తెలిసిన అన్నిటికంటే పెద్ద ఉదాహరణ భూమి మీద జరగలేదు.

1998 డిసెంబరు 11న నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను అంగారకుడి దిక్కుకు పంపింది. దారిలో నౌక తన వాలును సరిచేసుకోవడానికి చిన్న రాకెట్లను మండించేది. మండినప్పుడల్లా ఎంత తోపు కలిగిందో లెక్కకట్టి, నౌకను నిర్మించిన లాక్‌హీడ్ మార్టిన్ వాళ్ళు భూమి మీద ఒక ఫైలు తయారుచేసేవారు. ఆ ఫైలు కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీకి చేరేది. అక్కడి నావిగేషన్ బృందం దాన్ని తీసుకుని నౌక మార్గం లెక్కవేసేది. అచ్చంగా మనం మాట్లాడుకుంటున్న పనే ఇది: ఒక సంస్థ ఫైలు, ఇంకో సంస్థ ప్రోగ్రాం.

మొదటి నాలుగు నెలలు ఆ ఫైళ్ళు వాడలేకపోయారు. కారణం, ఫార్మాట్ తప్పులు. ఫైలు చదవబోతే తప్పు బయటపడేది. అందుకని ఆ వివరాలు ఈమెయిల్‌లో తెప్పించుకుని పని నడిపారు. 1999 ఏప్రిల్ నాటికి ఫార్మాట్ సరిచేశారు. ఫైలు చక్కగా చదవడం మొదలైంది. అప్పటి నుంచి అంతా బాగున్నట్టే కనిపించింది.

బాగుపడింది రూపం మాత్రమే. ఆ ఫైలులోని అంకెలు పౌండ్-ఫోర్స్ సెకండ్లలో ఉన్నాయి. చదివే ప్రోగ్రాం వాటిని న్యూటన్ సెకండ్లు అనుకుంది. ఒక పౌండ్-ఫోర్స్ అంటే 4.45 న్యూటన్లు. కాబట్టి ప్రతి తోపూ అసలుకన్నా నాలుగున్నర రెట్లు చిన్నదిగా లెక్కలోకి వెళ్ళింది. ఫైళ్ళు ఏ ప్రమాణంలో ఉండాలో చెప్పే ఒప్పంద పత్రం ఉంది. అందులో న్యూటన్ సెకండ్లు అనే రాసి ఉంది. ఫైలు మాత్రం దాన్ని పాటించలేదు, తన కొలమానం ఏమిటో తనలో చెప్పనూ లేదు. అంగారకుడిని సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున దాటవలసిన నౌక, తరువాత వేసిన లెక్క ప్రకారం, దాదాపు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. 1999 సెప్టెంబరు 23న నౌక గ్రహం చాటుకు వెళ్ళింది. మళ్ళీ దాని జాడ లేదు.

ఈ కథలో నన్ను ఇప్పటికీ పట్టుకునేది ఆ ఏప్రిల్ నెల. ఫార్మాట్ తప్పుగా ఉన్నన్నాళ్ళూ ప్రోగ్రాం ఫిర్యాదు చేసింది, మనుషులు పట్టించుకున్నారు. ఫార్మాట్ కుదిరాక ప్రోగ్రాం నోరు మూసుకుంది. అర్థం తప్పుగా ఉంటే ఏ విజార్డూ ఎర్రగీత పెట్టదు. 1250 అనే అంకెను రూపాయలనుకున్నా పైసలనుకున్నా అది 1250గానే చదువుతుంది. రిజిస్టర్ చేయడంలో రెండు సగాలున్నాయని నేను నమ్ముతాను. రూపం రాసే సగంలో యంత్రం మనకు సాయపడుతుంది. అర్థం రాసే సగం పూర్తిగా మనిషిదే.

సాఫ్ట్‌వేర్ దానికీ చోటు ఉంచింది. ప్రతి కాలమ్ పక్కన వివరణ అనే గడి ఉంటుంది. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువగా ఖాళీగా ఉండేది ఆ గడే. నింపినా, ఎమౌంట్ అనే కాలమ్‌కు ఎదురుగా ఎమౌంట్ అని రాసి ఉంటుంది. అక్కడ రాయవలసింది వేరు. ఇది ఏ కొలమానంలో ఉంది? పన్ను కలిపా, కలపకుండానా? ఖాళీ వదిలితే సున్నా అని అర్థమా, తెలియదని అర్థమా? ఆ ఖాళీ సంగతి దగ్గర నేను పట్టు వదలను. వర్షపాతం కాలమ్‌లో సున్నా అంటే వాన పడలేదని. ఖాళీ అంటే ఆ రోజు ఎవరూ కొలవలేదని కావచ్చు. రెండూ కలిపేస్తే లేని కరువు పుడుతుంది.

అర్థం కాలంతో పాటు మారుతుంది, ఇది ఇంకా కష్టం. మన దగ్గరే చూడండి. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. ఇప్పుడు 2021 ఫైలునూ 2023 ఫైలునూ పక్కపక్కన పెట్టండి. జిల్లా అనే కాలమ్ రెండింటిలోనూ ఉంది. పేరు అదే, పొడవు అదే, విలువ కూడా శ్రీకాకుళమే. రెండేళ్ళలో జిల్లాలో పింఛనుదారులు తగ్గిపోయారని గ్రాఫ్ చూపిస్తుంది. ఎవరూ ఎటూ పోలేదు, జిల్లాయే చిన్నదైంది. ఇది 2022 ఏప్రిల్ 4 తరువాతి హద్దుల ప్రకారం అని ఒక్క వాక్యం వివరణ గడిలో ఉంటే, ఆ గ్రాఫ్ గీసే పిల్లవాడు ఆగి ఆలోచించేవాడు.

టేబుల్‌లో కొత్త కాలమ్ చేరినా, పొడవు మారినా, మెటాడేటాను తాజా చేయమంటే సాస్ వెళ్ళి చూసి తన పుస్తకం దిద్దుకుంటుంది. జిల్లా హద్దు మారిన సంగతి అలా వెళ్ళి చూస్తే తెలిసేది కాదు. పుస్తకంలో పేరుండి అసలు ఫైలే లేకపోవచ్చు కూడా. ఒరాకిల్‌లో 2001 నాటి 9ఐ వెర్షన్ నుంచి, బయటి ఫైలునే టేబుల్‌లాగా చూపే వెసులుబాటు ఉంది. దాన్ని సృష్టించేటప్పుడు ఫైలు అక్కడ లేకపోయినా ఒరాకిల్ సరే అంటుంది. చదవబోయినప్పుడే లోపం బయటపడుతుంది. రిజిస్టరైంది కదా అని నిశ్చింతగా ఉండకూడదని చెప్పడానికే ఇది ప్రస్తావించాను.

ఎన్ని వరుసలు రావాలి అన్నది కూడా వివరంలో భాగమే. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ పరీక్షల ఫలితాలు సీఎస్‌వీ ఫైళ్ళుగా వచ్చేవి. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ వాటిని పాత ఎక్సెల్ రూపంలోకి ఎక్కించేది. ఆ రూపంలో 65,536 వరుసలకు మించి పట్టవు. మించినవి జారిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 మంది కేసులు లెక్కలోంచి తప్పిపోయాయి. పరీక్ష చేయించుకున్నవాళ్ళకు వాళ్ళ ఫలితం అందింది. వాళ్ళను కలిసినవారిని వెతికి హెచ్చరించే విభాగానికి మాత్రం ఆ పేర్లు సమయానికి చేరలేదు. ఫైలు చివర ఇందులో ఇన్ని వరుసలున్నాయి అని ఒక లెక్క పెట్టి, అందుకునేవాళ్ళు దాంతో సరిపోల్చుకుంటే మొదటిరోజే తెలిసేది.

అందుకే ఈ పనిని కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చి రెండు రోజుల్లో యాభై ఫైళ్ళు రిజిస్టర్ చేసేయమనడం నాకు నచ్చదు. కుర్రాడికి ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా, ఇంతకంటే మంచి శిక్షణ లేదు. దాంతోపాటు ఆ ఫైలు తయారుచేసే ఆఫీసులోని మనిషి ఫోన్ నంబరు ఇవ్వాలి, అడిగే అధికారం ఇవ్వాలి. సార్, ఈ మూడో కాలమ్‌లో అక్కడక్కడ 9999 ఉంది, ఇది నిజం మొత్తమా, తెలియదని గుర్తా అని అడగగలగాలి. అమ్మా, మీరు నెలాఖరు అన్నది క్యాలెండర్ నెలాఖరా, మీ ఖాతాలు మూసే రోజా అని అడగగలగాలి. జవాబు ఆ కాలమ్ పక్కనే, అడిగిన తేదీతో సహా రాయాలి. ఒక కాలమ్ మారితే ఏయే పనులు దెబ్బతింటాయో చూపే ఇంపాక్ట్ అనాలిసిస్ సాధనం సాస్‌లో ఉంది. ఆ గీతలు ఎటెటు వెళుతున్నాయో అది చూపగలదు. ఆ గీతల వెంట పారేది ఏమిటన్నది ఈ జవాబులే చెప్పగలవు.

వింటున్నవారిలో కంప్యూటర్ ఉద్యోగాలు చేయనివారు చాలామంది ఉంటారు. మీలో కొందరు మండల ఆఫీసులో, ఆసుపత్రిలో, సహకార సంఘంలో, కాలేజీలో కూర్చుని నెలనెలా పైకి ఫైలు పంపుతూ ఉంటారు. ఈ నెల పంపేటప్పుడు దాంతోపాటు ఒక కాగితం కూడా జతచేయండి. ఏ కాలమ్ ఏమిటి, ఏ కొలమానం, తేదీలో ముందు రోజా నెలా, ఖాళీకి అర్థమేమిటి, మొత్తం ఎన్ని వరుసలు, పోయిన నెలకూ ఈ నెలకూ ఏమైనా మారిందా. తెలుగులో రాసినా సరే. అవతల దాన్ని రిజిస్టర్ చేసే మనిషి మీకు తెలియకపోవచ్చు, ఆ కాగితం మాత్రం తప్పక చదువుతారు.